నాయన గురించి పది వాక్యాలు

జ్యోత్స్న రాస్తే చచ్చినవాళ్లంతా మహానుభావులే. మాదాపూర్ పాత ఊళ్లో, ఆడపిల్లల హాస్టళ్ల సందు మొదట్లో ఉన్న సందీప్ ఫ్లెక్సీల దుకాణంలో ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్న నాలుగేళ్లలో ఒక్క మామూలు మనిషి కూడా పోలేదు. మూలమీది కిరాణా షావుకారు పోతే ‘దానధర్మాల మేరుపర్వతం ఒరిగిపోయింది’ అని రాసి, కింద రెండు తెల్ల పావురాల్ని పెట్టింది. ఆ మేరుపర్వతం కిలో పప్పుకు యాభై గ్రాములు నొక్కేదని సందులో అందరూ ఎరుగుదురు. అయినా ఫ్లెక్సీ చూసి వాళ్లే కళ్లు తుడుచుకున్నారు. “ఈ పిల్ల రాస్తే పగోడు గూడ ఏడుస్తడు” అని సందీప్ గిరాకీల ముందు గొప్పలు పోయేవాడు. పిల్ల పొంగిపోయింది. పొంగిపోదా మరి, పొగడ్త ఎవరికైనా చేదా?

ఆ ఊపులోనే దూరవిద్యలో ఎమ్మే తెలుగుకు ఫీజు కట్టింది. ఎప్పటికైనా రచయిత్రి కావాలని ఆమె కోరిక. అలంకారశాస్త్రం చదివితే ఇంకా పెద్ద పెద్ద మాటలు చేతికొస్తాయని, గోరంతను కొండంత చేసే కిటుకులన్నీ అందులో ఉంటాయని అనుకుంది. ఆదివారం ఆదివారం బస్సెక్కి కూకట్‌పల్లి వెళ్లేది. అక్కడ పాఠం చెప్పే ఈశ్వరయ్య సారు ప్రొద్దుటూరు వైపు మనిషి, రిటైరైన లెక్చరరు. ఆయన ఉపమ చెప్పాడు, రూపకం చెప్పాడు, ఉన్నదాన్ని ఉబ్బించి చెప్పే అతిశయోక్తి చెప్పాడు. జ్యోత్స్న మూడు నోటుబుక్కులు నింపింది. ఆ పైన ఒక ఆదివారం ఆయన స్వభావోక్తి దగ్గరికి వచ్చాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడమే అలంకారం అన్నాడు. క్లాసంతా దిక్కులు చూసింది.

“రోజూ చూసే మనిషిని గురించి పది వాక్యాలు రాసుకోని రాండి” అన్నాడు. “ఉపమ వద్దు. లాంటి, వంటి, వలె అనే మాట ఒక్కటి కనబడినా కాయితం ఎనక్కి ఇచ్చేస్తా.”

పదే వాక్యాలు కదా అని జ్యోత్స్న నవ్వుకుంది. తండ్రి గురించి రాసింది. ‘మా నాన్న తాను కరిగిపోతూ మాకు వెలుగునిచ్చే కొవ్వొత్తి’ అని మొదలుపెట్టి, పదో వాక్యానికి ఆయన్ని ఆకాశానికి ఎత్తేసింది. సారు కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు.

“మీ నాయన కొవ్వొత్తి కాదు గదమ్మా. ఆయనకు కాళ్లూ చేతులూ ఉండాయి. వాటితో ఏం చేస్తాడో రాయి. ఇందులో మీ నాయన యాడ ఉండాడు? నాకైతే కనపళ్ళేదు.”

ముఖం మీద కొట్టినట్టయింది ఆమెకు. అంతమందిని ఏడిపించిన చెయ్యి అది.

ఆ తండ్రి వీరేశం. ఆయన గురించి చెప్పాలంటే ముందు తల్లి బుచ్చమ్మ గురించి చెప్పాలి. బుచ్చమ్మ అదే సందులో ఒక హాస్టల్లో వంటమనిషి. నూట ఇరవైమంది సాఫ్ట్‌వేర్ ఆడపిల్లలకు టిఫిన్లు, కూరలు అన్నీ ఆమె చేతి మీదే. ఆ పిల్లలకు ఏదీ నచ్చదు. ఇడ్లీ గట్టి, చారు పల్చన, కూర రోజూ అదే. నచ్చలేదని ఫోనుల్లో నక్షత్రాలు తగ్గించి పెడతారట. వార్డెన్ పుణ్యవతి ఆ నక్షత్రాలన్నీ తెచ్చి బుచ్చమ్మ నెత్తిన పోస్తుంది. బుచ్చమ్మ చెక్కుచెదిరేది కాదు. ఆమెకు ఇంట్లో ఒక కోర్టు ఉంది. ఆ కోర్టులో జడ్జి వీరేశం.

వీరేశం ఒక పెద్ద ఆఫీసు బిల్డింగులో పార్కింగు దగ్గర గార్డు. పొద్దుటి డ్యూటీ దిగి రెండున్నరకు ఇల్లు చేరతాడు. హాస్టల్లో పగటి వంట ముగించుకుని బుచ్చమ్మ అంతకు ముందే వచ్చి ఇంట్లో వేరే వండుతుంది. హాస్టలు అన్నం గిన్నెడైనా ఇంటికి తెచ్చేది కాదు. “గా బువ్వ ఇంట్ల అడుగువెడితె ఇల్లు గూడ హాస్టలైతది” అనేది. మూడు గంటలకు మొగుడూ పెళ్లాలు కంచాల ముందు కూర్చునేవాళ్లు. మొదటి ముద్ద ఆయన నోట్లో పడగానే ఆమె అడిగేది, “ఎట్లుంది?” అని. “మంచిగుంది” అనేవాడు. వారానికి ఒకసారో రెండుసార్లో మాత్రం, “జర ఉప్పు తక్కువైందే” అనో, “కారం ఒకింత ఎక్కువ పడ్డట్టుంది” అనో అనేవాడు. అప్పుడు ఆమె ముఖం చూడాలి! తప్పు పట్టినందుకు వెలిగిపోయేది. ఊరికే మెచ్చుకునే మొగుడు కాదు, తెలిసి మెచ్చుకునే మొగుడు మరి. హాస్టల్లో కొత్త వంట ఏది చెయ్యాలన్నా ముందు ఇంట్లో చేసి ఈ కోర్టులో నెగ్గించుకునేది.

కిందటేడు కొత్త సాంబారు కొలత ఒకటి పెట్టింది. ఉప్పు సరిపోయిందో లేదో తనకే అనుమానం, వీరేశం తక్కువన్నాడు. మర్నాడు హాస్టల్లో పెద్ద గుండిగలో దానికి తగ్గట్టు గుప్పెళ్లు పెంచి వేసింది. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. నూట ఇరవైమందీ కంచాలు తోసేశారు. పుణ్యవతి వచ్చి అందరి ముందూ కేకలేస్తే, బుచ్చమ్మ గరిటె చేత్తో పట్టుకుని ఎదురు నిలబడింది. “మా ఇంటాయన తిని చెప్పిండు. ఆయన నాలుక తప్పదు. మీ నాలుకలే పిజ్జాలు తిని చెడిపోయినై” అని తెగేసి చెప్పింది. ఆ నెల రోజులూ సందులో ఇదే ముచ్చట. జ్యోత్స్న కూడా దుకాణంలో చెప్పి చెప్పి నవ్వింది.

రెండోసారి సారు కాగితం మళ్లీ తిప్పి ఇచ్చాడు. ఈసారి కొవ్వొత్తి లేదు గానీ రేషన్ కార్డు వివరాల్లా వయసు, ఎత్తు, ఉద్యోగం ఉన్నాయి. “ఇది అప్లికేషన్. చూసి రాయమ్మా, చూసి” అన్నాడు. దాంతో పౌరుషం వచ్చింది పిల్లకు. దుకాణంలో మధ్యాహ్నం గంట సెలవడిగి, రెండున్నరకు ముందే ఇంటికొచ్చి తలుపు పక్కన పీట వేసుకుని తండ్రిని చూడడం మొదలుపెట్టింది. ఇరవై నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషిని అప్పుడు చూసింది ఆమె. గడప బయట బూట్లు రెండుసార్లు తట్టుకుని వదులుతాడు. టోపీలో మడిచి పెట్టిన చేతిరుమాలు తీసి మెడ తుడుచుకుంటాడు. పొద్దుటి నుంచి వేల కార్లకు ఎత్తిన కుడిచేతిని ఎడమచేత్తో భుజం దాకా ఒత్తుకుంటాడు. ఇవన్నీ రాసుకుంది. ఇంకోటి కూడా చూసింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆయన కంచం వైపు చూడడు. బుచ్చమ్మ ముఖం వైపు చూస్తాడు. కాసేపు చూసి, అప్పుడు జవాబు చెప్తాడు.

ప్రేమ కాబోలు అనుకుంది. ప్రేమే, కాదని ఎవరంటారు?

శనివారం నాడు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. పోపు వేసేటప్పుడు తల్లి ఒకసారి వేసింది. ఆమె నీళ్లకని బయటికి వెళ్లినప్పుడు వెయ్యలేదనుకుని జ్యోత్స్న ఒకసారి వేసింది. వీరేశం రెండు మార్లు కలుపుకుని తిన్నాడు. “ఎట్లుంది?” అంటే, ఆమె ముఖం చూసి, “మంచిగుంది” అన్నాడు. బుచ్చమ్మ ఆ రోజు ఒంట్లో నలతగా ఉండి మజ్జిగ మాత్రం తాగి హాస్టలుకు వెళ్లిపోయింది. తరవాత జ్యోత్స్న పప్పన్నం ఒక్క ముద్ద పెట్టుకుంది. నోరు మండిపోయి పెరట్లోకి పరుగెత్తి ఉమ్మేసింది. తిరిగొచ్చి తండ్రిని చూసింది. ఆయనకు అర్థమైపోయింది.

“ఎన్ని దినాల సంది నాయినా?”

“జీడిమెట్ల కంపెనీల డ్రమ్ము పలిగిన నాటి సంది” అన్నాడు వీరేశం. అంటే పదకొండేళ్లు. అప్పట్లో ఆయన ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒక రోజు ఘాటు పొగ ముక్కుల్లోకీ నోట్లోకీ పోయి నాలుగు రోజులు దవాఖానలో ఉన్నాడు. దగ్గు తగ్గింది, మనిషి బాగయ్యాడని ఇంటికి తెచ్చుకున్నారు. వాసన తిరిగి రాలేదు, దాంతోపాటు రుచీ రాలేదు. పక్కనే పాలు మాడిపోతున్నా పలకడం లేదని బుచ్చమ్మ ఎన్నోసార్లు తిట్టింది. పరధ్యానం మనిషి అనుకుంది.

“మరి ఉప్పు తక్కువైందని ఎట్ల చెప్తవు?”

“మీ అమ్మ ముఖం జూస్త. ఆమెకు అనుమానం ఉన్ననాడు ముఖంల తెలుస్తది. గానాడు తక్కువైందంట. ఎప్పుడు మంచిగుందంటె ఎవరు నమ్ముతరు బిడ్డా?” అని చిన్నగా నవ్వాడు. మళ్లీ నవ్వు ఆపేసి అన్నాడు. “అమ్మకు చెప్పకు. ఆమె వంటను మంచిగుందనెటోన్ని నేనొక్కన్నే ఉన్న.”

“చెప్పను” అంది జ్యోత్స్న.

చెప్పలేదు కూడా. నోటితో చెప్పలేదు.

కానీ ఆ సాయంత్రం ఆమె దుకాణం వెనక గదిలో కూర్చుని రాసిన కాగితంలో తొమ్మిది వాక్యాలు బూట్లు, టోపీ, భుజం గురించి ఉన్నాయి. పదోది రాయకుండా ఉండలేకపోయింది. ‘మా నాయనకు పదకొండేళ్లుగా ఏ రుచీ తెలియదు, రోజూ మా అమ్మ ఎట్లుందని అడుగుతుంది, ఆయన మంచిగుందంటాడు, అప్పుడప్పుడు ఆమె నమ్మాలని ఉప్పు తక్కువైందని కూడా అంటాడు.’ రాసి చదువుకుంది. మళ్లీ చదువుకుంది. నాలుగేళ్లు రాసిన మేరుపర్వతాలన్నీ ఈ ఒక్కదాని ముందు చిత్తుకాగితాలని ఆమెకు తెలిసిపోయింది. అమ్మకు చదువు రాదు, ఇది మార్కుల కోసం రాసేది, కూకట్‌పల్లిలో ఒక ముసలి సారు చూసి ఇచ్చేస్తాడు, అంతే కదా అని తనకు తాను నచ్చజెప్పుకుంది. చెప్పడం వేరు, రాయడం వేరు అనుకుంది పిచ్చిది. మంచి వాక్యం చేతికి చిక్కినప్పుడు వదులుకోవడం రాసేవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. అదొక దురాశ, ఇంకో పేరు పెట్టడం దండగ.

ఆదివారం ఈశ్వరయ్య సారు ఆ కాగితాన్ని లేచి నిలబడి చదివాడు. పదో వాక్యం రెండుసార్లు చదివాడు. “ఇది స్వభావోక్తి. ఇన్నేండ్లు చెప్తిని గానీ ఇట్లాంటిది నా క్లాసులో ఎవరూ రాయలేదు. నువ్వు రచయితవైనావమ్మా” అన్నాడు. జ్యోత్స్న జీవితంలో అంత సంతోషం ఇంకెప్పుడూ ఎరగదు. పక్కన కూర్చున్న దివ్య కళ్లు తుడుచుకుని, ఫోటో తీసుకోనా అని అడిగింది. దివ్య అనంతపురం పిల్ల, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగు ఉద్యోగం, తెలుగు మీద ఇష్టంతో ఈ చదువు. ఉండేది బుచ్చమ్మ వండే హాస్టల్లోనే. ఆ సంగతి జ్యోత్స్నకు తెలుసు. తెలిసీ కాగితం చేతికిచ్చింది. ఆ క్షణంలో ఆమెకు తన వాక్యం తప్ప ఇంకేమీ గుర్తు లేదు. పెదవి దాటితే పృథ్వి దాటుతుందని సామెత ఊరికే పుట్టలేదు.

దివ్యను తప్పు పట్టడానికి లేదు. సోమవారం పొద్దున్న టిఫిన్ కోసం వచ్చి, దోసెలు వేస్తున్న బుచ్చమ్మ దగ్గర నిలబడి, “ఆంటీ, జ్యోత్స్న అంకుల్ గురించి రాసింది వింటే మీరు ఏడ్చేస్తారు, ఉండండి, చదువుతా” అంది. కూతురు రాసి క్లాసులో ఇచ్చిందంటే ఈపాటికి ఇంట్లో తెలిసే ఉంటుందనుకుంది. ఇంకా ఇద్దరు ముగ్గురు పిల్లలు చేరారు. పుణ్యవతి కూడా గుమ్మంలో నిలబడి విన్నది. బూట్లు తట్టుకునే చోట బుచ్చమ్మ నవ్వింది. భుజం ఒత్తుకునే చోట, “అవును, నిజమే బిడ్డా” అంది. పదో వాక్యం విన్నాక పెనం మీద దోసెను తిప్పలేదు.

“మల్లొకసారి సదువు” అంది. దివ్య మళ్లీ చదివింది. అప్పటికి ఆ పిల్లకూ ఏదో తేడాగా తోచి గొంతు తగ్గిపోయింది. “మంచిగ రాసింది” అని బుచ్చమ్మ మాడిన దోసెను తీసి పక్కన పెట్టి, ఇంకో గరిటెడు పిండి పోసింది. పుణ్యవతి ఒక్క మాట అనలేదు. అదే బుచ్చమ్మకు ఎక్కువ కష్టమైంది.

ఆ రోజు మూడు గంటలకు కంచాలు పెట్టింది. వంకాయ కూర. వీరేశం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆమె ముఖం చూశాడు. ఆమె తల వంచుకుని తింటోంది. ఆయన ఇంకో ముద్ద తిన్నాడు. ఎంత చూసినా ఆమె అడగలేదు. చివరికి తానే, “మంచిగుంది” అన్నాడు.

“ఊఁ” అంది బుచ్చమ్మ.

భోజనాలయ్యాక జ్యోత్స్న కూడా లేచింది. తల్లి వెనకాలే పెరట్లోకి వెళ్లింది. “అమ్మా, నేను…” అని మొదలుపెట్టింది గానీ, పెద్ద పెద్ద మాటలు వచ్చిన నోటికి చిన్న మాట ఒక్కటి దొరకలేదు.

“నాకు కోపం లేదు” అంది బుచ్చమ్మ గిన్నెలు తోముతూనే. “రుచి పోయిందంటె నేనేమన్న అంటునా? పదకొండేండ్లు ఒక్కడే మింగుకుంట కూసున్నడు, నాకు తెల్వనే తెల్వదు. గా సాంబారు నాడు అందరి ముంగట ఆయన నాలుక తప్పదని అరిసిన. పుణ్యవతమ్మ ఇయ్యాల నా దిక్కు జాలిగ జూసింది. నువ్వు నాకు జెప్పకపోతివి. రాసినవు. అందరు సదువుకున్నంక నాకు సదివిన్రు.”

“నాయిన చెప్పొద్దన్నడమ్మా.”

“చెప్పొద్దంటె రాయమన్నట్టా?”

జ్యోత్స్న తోమిన గిన్నెలు ఒక్కొక్కటీ తీసి కడగసాగింది.

తరవాతి ఆదివారం జ్యోత్స్న క్లాసయ్యేదాకా ఆగి సారుకు జరిగింది చెప్పింది. ఆయన అప్పటికే ఆ పది వాక్యాలూ యూనివర్సిటీ పత్రికకు పంపడానికి కవరు తయారుచేసి ఉంచాడు. కవరు ఆమె చేతికిచ్చేశాడు.

“ఏది చెప్పచ్చు, ఏది చెప్పకూడదు, ఎవరి ముందర చెప్పచ్చు, దాన్ని ఔచిత్యం అంటారమ్మా. ఆ పాఠం చెప్పకముందే నీకు కత్తి చేతికిచ్చినా. వాక్యం చూసి మురిసిపోయినా గానీ, దాని ఎనకాల ఒక ఇల్లు ఉండాదని నాకూ తట్టలేదు. తప్పు నాదే” అన్నాడు. పెద్దాయన అంత మాటన్నా ఆమెకు బరువు తగ్గలేదు. ముఖం చూసి మాట చెప్పడం ఎలాగో పదకొండేళ్లుగా రోజూ మూడు గంటలకు ఆమె ఇంట్లోనే పాఠం జరుగుతోంది. పక్కన కూర్చుని రాసుకుందే గానీ నేర్చుకోలేదు.

బుచ్చమ్మ ఆ తరవాత పోట్లాడలేదు, అలగలేదు. అదైనా బాగుండేది. ఇంట్లో వంట తగ్గించింది. “ఏ ముఖం పెట్టుకొని అడగాలె, ఏం వండి అడగాలె” అంది ఒకసారి. రెండు వారాలకు హాస్టలు నుంచి ఒక డబ్బా తెచ్చి పొయ్యి మీద పెట్టింది. “ఇదుంది, తినుండ్రి. ఆయనకు ఏదైతేంది” అని, పని ఉందని మళ్లీ వెళ్లిపోయింది. వార్డెన్ మాటకు ఇప్పుడు ఎదురు చెప్పడం లేదట. ఉప్పు ఎంత వెయ్యాలో పుణ్యవతినే అడిగి వేస్తోందట. దివ్య ఈ సంగతి చెప్పి, దుకాణం మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

ఫ్లెక్సీల దుకాణంలో జ్యోత్స్న ఇప్పుడు మేరుపర్వతాలు రాయదు. పోయినవాళ్లు ఏం పని చేసేవారు, పిల్లల్ని ఏమని పిలిచేవారు అని అడిగి రెండు వాక్యాలు రాస్తుంది. రాసి, ఇంటివాళ్లకు చదివి వినిపించి, వాళ్లు సరేనంటేనే మిషన్ మీదికి పంపుతుంది. ఇంత ఆలస్యమేందని సందీప్ విసుక్కుంటాడు. ఆ వాక్యాలు బాగుంటాయి, అది మాత్రం ఎవరూ కాదనలేరు. నిజంగానే ఆమె రచయిత అయింది.

మొన్న గురువారం మూడు గంటలకు ఇంట్లో తండ్రీ కూతుళ్లే ఉన్నారు. జ్యోత్స్న హాస్టలు డబ్బా విప్పి కంచంలో వడ్డించింది. వీరేశం చెయ్యి కడుక్కుని కూర్చుని, “నా మీద ఏందో రాసినవని మీ అమ్మ చెప్పింది, సారు మస్తు మెచ్చుకున్నడంట. నాకు ఇనిపియ్యవా?” అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. వద్దు నాయినా అంది. ఫికర్ లేదు, చదువు అన్నాడు. కవరులోంచి కాగితం తీసి పదీ చదివింది. భుజం వాక్యం దగ్గర ఆయన చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదికి పోయింది. పదోది ఆమె తలెత్తకుండా గబగబా చదివేసింది.

“ఉన్నది ఉన్నట్టే రాసినవు. ఒక్క అబద్ధం లేదు” అన్నాడు వీరేశం. అన్నం కలుపుతూ మళ్లీ అన్నాడు. “రుచి పోయినంక గూడ నాకు ఆకలైతుండె బిడ్డా. డ్యూటీ దిగంగనె, ఇగ మీ అమ్మ అడుగుతది గదా అని ఆకలైతుండె. ఇప్పుడు అయితలేదు.”

ఆయన రెండు ముద్దలు తిన్నాడు. అలవాటు కొద్దీ తలెత్తి ఎదుటి పీట వైపు చూశాడు. పీట ఖాళీగా ఉంది. జ్యోత్స్న చూడలేకపోయింది. జరిగి వచ్చి ఆ పీట మీద కూర్చుని, “ఎట్లుంది నాయినా?” అని అడిగింది.

వీరేశం కూతురి ముఖంలోకి చూశాడు. “మంచిగుంది బిడ్డా” అని, సగం అన్నం అట్లాగే ఉండగా కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.